దవాఖానా మనది, మష్వరా ఎవరిది?

పోయిన ఏడాది షాబాన్ నెలలో ఒక పొద్దున అమ్మీ ఫజర్ నమాజ్ చదివి, జానిమాజ్ మడత పెట్టబోయి, అలాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "గ్యాస్ హై రే, సోడా లా" అంది. ఆమె నుదుటి మీద చెమట చూసి నేను సోడా తేలేదు, ఆటో తెచ్చాను.

ఏ దవాఖానాకు తీసుకెళ్లామో పేరు రాయను. పేరు రాస్తే అది ఆ ఒక్క దవాఖానా గొడవ అయిపోతుంది. నేను రాయబోయేది మీలో చాలామంది ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక వార్డులో చూసిందే.

ఎమర్జెన్సీ హాల్లో ఎనిమిది మంచాలు ఉన్నాయి. మంచానికీ మంచానికీ మధ్య పరదా వేలాడదీసే రాడ్ ఉంది, పరదా మాత్రం లేదు. ఈసీజీ తీసే అబ్బాయి మిషన్ తోసుకుంటూ వచ్చి బురఖా తీయమన్నాడు, జాకెట్ హుక్కులు విప్పమన్నాడు. చుట్టూ మగాళ్లు. పక్క మంచం మీద యాక్సిడెంట్ కేసు, దాని చుట్టూ నలుగురు పోలీసులు. అమ్మీ రెండు చేతులతో బురఖాను గుండెల మీద గట్టిగా పట్టుకుని "సబ్‌కే సామ్నే? మై నై ఖోల్తూ" అంది. "ప్రాణం మీదికొస్తే సిగ్గేందమ్మా" అని ఆ అబ్బాయి విసుక్కుని వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటింది.

ఛాతీ నొప్పితో వచ్చిన మరీజ్‌కు పది నిమిషాల్లో ఈసీజీ తీయాలని గుండె డాక్టర్ల లెక్క. ఆ లెక్క ఆ హాల్లో అందరికీ తెలుసు. మిషన్ ఉంది, తీసేవాడు ఉన్నాడు, చూసే డాక్టర్ ఉన్నాడు. ఒక్క పరదా లేక ఇరవై నిమిషాలు పోయాయి.

ఆఖరికి ఆ ముష్కిల్‌ను తీర్చింది డాక్టర్ కాదు, వార్డు తుడిచే ఆయమ్మ. ఖాళీ మంచం మీది దుప్పటి లాగి, ఒక కొస మా భాభీ చేతికిచ్చి "ఇట్ల పట్టుకో బిడ్డా" అని, రెండో కొస తను పట్టుకుని నిలబడింది. లోపల నర్సమ్మ వైర్లు అంటించింది. మూడు నిమిషాల్లో పని అయిపోయింది.

అమ్మీని క్యాథ్‌ల్యాబ్‌కు తీసుకెళ్లాక నేను ఆయమ్మ దగ్గరికి వెళ్లి "రోజూ ఇట్లనే చేస్తావా అమ్మా?" అని అడిగాను. "రోజుకు పదిసార్లు చేస్త సారూ. పరదలు ఏపియ్యమని ఎవలికి చెప్పాలె? నన్నెవలడుగుతరు?" అంది.

నన్నెవరడుగుతారు? ఈ వ్యాసం ఆ సవాల్ గురించే.

అమ్మీకి స్టెంట్ వేశారు. అల్హమ్దులిల్లాహ్, ప్రాణం నిలబడింది. డాక్టర్ల హునర్‌కు నేను సలామ్ చేస్తాను, ఇందులో రెండో మాట లేదు. కానీ కథ అక్కడితో ఖతమ్ కాలేదు.

డిశ్చార్జ్ రోజున ఒక చిన్న డాక్టర్ బాబు వచ్చి, కాగితం చూస్తూ తొమ్మిది రకాల గోలీల పేర్లు చదివాడు. మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, నైట్. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "గుండె బాగైపోయిందమ్మా, ఇంటికి వెళ్లొచ్చు" అని నవ్వుతూ చెప్పాడు. అమ్మీ చేతులెత్తి దువా ఇచ్చింది. అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు, ఖురాన్ చదువుతుంది. ఇంగ్లిష్ రాదు, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. ఆ కాగితం ఆమెకు తెల్లకాగితంతో సమానం.

మూడు వారాల్లో రంజాన్ వచ్చింది. అమ్మీ రోజాలు మొదలుపెట్టింది. మేం వద్దన్నాం. "డాక్టర్ సాబ్ దిల్ అచ్ఛా హోగయా బోలే నా?" అంది. బీమార్‌కు రోజా విషయంలో రియాయత్ ఉందని అమ్మీకి తెలియక కాదు. తను ఇంకా బీమార్ అని ఆమెతో ఎవరూ అనలేదు. బాగైపోయిందనే అన్నారు.

మరి గోలీల సంగతి? పగలు వేసుకోవడానికి లేదు కాబట్టి పొద్దుటివీ మధ్యాహ్నానివీ కలిపి సెహ్రీలోనే వేసుకుంది. అందులో షుగర్ గోలీలూ ఉన్నాయి. తొమ్మిదో రోజా నాడు అసర్ వేళకు వంటగదిలో పడిపోయింది. షుగర్ చూస్తే 48. చక్కెర నీళ్లు తాగించి, మళ్లీ అదే ఆటో, అదే హాల్, అదే పరదా లేని రాడ్.

ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ నన్ను కోప్పడ్డాడు. "ఈ పరిస్థితిలో ఉపవాసం ఏంటండీ? చదువుకున్నవాళ్లు, మీరైనా చెప్పొద్దా?" ఆయన ఫికర్ నిజమైనదే. కానీ నేను అడగాలనుకుని అడగలేకపోయిన సవాల్ ఒకటుంది. మీ ఓపీకి రోజూ ఇంతమంది బురఖాలు వేసుకున్న ఆడవాళ్లు, టోపీలు పెట్టుకున్న ముసలాళ్లు వస్తారు. క్యాలెండర్‌లో రంజాన్ ఎప్పుడో అచ్చువేసి ఉంటుంది. డిశ్చార్జ్ కాగితంలో "మీరు రోజా ఉంటారా?" అనే ఒక్క గీత ఎందుకు లేదు?

ఇదేమీ కొత్త ఇల్మ్ కాదు. ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్, డార్ అనే సంస్థ కలిసి రంజాన్‌లో షుగర్ మరీజ్‌ల ఇలాజ్ గురించి 2016లో పెద్ద పుస్తకమే తెచ్చాయి, 2021లో దాన్ని మళ్లీ సరిదిద్దాయి. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మరీజ్ డాక్టర్‌ను కలవాలని, ఎవరికి ఎంత ఖతరా ఉందో లెక్కగట్టాలని, ఏ గోలీ ఇఫ్తార్‌కు మార్చాలో, ఏది తగ్గించాలో, ఎవరు అసలు రోజా ఉండకూడదో చెప్పాలని అందులో ఉంది. ఆ ఇల్మ్ పుస్తకంలో ఉంది. అమ్మీ రోజా అమ్మీ దగ్గర ఉంది. ఈ రెండింటినీ కలిపే సవాల్ ఒక్కటే, అది ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నేను దీని గురించి చదవడం మొదలుపెట్టాను. మరీజ్, అతని ఇంటివాళ్లు, నర్సు, ఆయమ్మ, డాక్టర్ అందరూ కలిసి కూర్చుని దవాఖానా పనితీరును మళ్లీ తయారు చేసుకోవడాన్ని ఇంగ్లిష్‌లో హ్యూమన్ సెంటర్డ్ కో-డిజైన్ అంటారట. పేరు బరువుగా ఉంది. మన ఇళ్లల్లో దానికి పాత మాటే ఉంది: మష్వరా.

మష్వరా అంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంట్లో షాదీ అనుకుంటే ముందు పెద్దవాళ్లని కూర్చోబెడతాం. మామూ ఏమంటాడు, ఫుప్పూకు ఏ తారీఖు కుదురుతుంది, అమ్మాయి మనసులో ఏముంది, అన్నీ అడుగుతాం. అన్నీ ఖాయం చేసేసి, రుఖా అచ్చువేయించేసి, తర్వాత "మీ రాయ్ చెప్పండి" అంటే మామూ అలిగి లేచి వెళ్లిపోతాడు. లేవడం న్యాయమే, ఎందుకంటే అది మష్వరా కాదు, ఖబర్.

మన దవాఖానాల్లో గోడకు తగిలించిన సలహాల పెట్టె అలాంటి ఖబరే. బిల్లు కట్టి వెళ్లిపోయేటప్పుడు "మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని ఫోన్‌కు వచ్చే మెసేజ్ కూడా అంతే. అంతా కట్టేశాక, అంతా అయిపోయాక అడిగేది రాయ్ కాదు. పైగా ఆ పెట్టెలో చీటీ వేయగలిగేది చదువుకున్నవాడు, డబ్బున్నవాడు, కోపం ఉన్నవాడు. అమ్మీ వేయదు, ఆయమ్మ అసలే వేయదు.

నిజమైన మష్వరా దవాఖానాలో ఎలా ఉంటుందో ఇంగ్లండ్‌లో ఒక చోట చేసి చూపించారు. 2005 ప్రాంతంలో లూటన్ అండ్ డన్‌స్టబుల్ దవాఖానాలో, తలకూ మెడకూ వచ్చే కేన్సర్‌ను చూసే విభాగంలో, పాల్ బేట్, గ్లెన్ రాబర్ట్ అనే పరిశోధకులు ఈ పని మొదలుపెట్టారు. ఆ కేన్సర్ ఎలాంటిదో మన ఇళ్లకు తెలుసు. గుట్కా, జర్దా నమిలే ఇళ్లల్లో ఎవరో ఒకరికి వచ్చే ఉంటుంది. ముఖం మారిపోతుంది, మాట మారిపోతుంది, అన్నం మింగడం కష్టమవుతుంది. ఇలాజ్ ఎంత మంచిదైనా మనిషి లోపల నలిగిపోతాడు.

వాళ్లు చేసింది చాలా సాదాగా ఉంటుంది. ముందు మరీజ్‌లను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, మొదటి రోజు నుంచి ఏం జరిగిందో వాళ్ల మాటల్లోనే చెప్పించి వీడియో తీశారు. "మీరు సంతృప్తిగా ఉన్నారా?" అని అడగలేదు. ఎక్కడ భయం వేసింది, ఎక్కడ సిగ్గుపడ్డారు, ఎక్కడ ఎవరో చెయ్యి పట్టుకుంటే ధైర్యం వచ్చింది, అవి అడిగారు. ఆ చోట్లను వాళ్లు టచ్‌పాయింట్లు అంటారు, అంటే దవాఖానా మనిషిని తాకే చోట్లు. ఇంకోపక్క డాక్టర్లను, నర్సులను, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లను కూడా అలాగే అడిగారు. వాళ్ల తకలీఫ్‌లు వాళ్లకూ ఉంటాయి కదా. తర్వాత మరీజ్‌లు ఒకచోట, సిబ్బంది ఒకచోట విడివిడిగా కూర్చున్నారు. ఆఖరికి రెండు జట్లనూ ఒకే గదిలో కలిపి, ముందు ఆ వీడియోను అందరికీ చూపించారు. చూశాక ఏది ముందు మార్చాలో ఇద్దరూ కలిసి ఎంచుకున్నారు. చిన్న చిన్న గుంపులుగా విడిపోయి ఒక్కో పనినీ పూర్తి చేసుకున్నారు.

ఈ తరీఖా తర్వాత ఆస్ట్రేలియా, కెనడా దాకా వెళ్లింది. నాకు ఇందులో నచ్చింది సాంకేతికత కాదు. మరీజ్ ఆ గదిలో ఫిర్యాదీగా కాకుండా తెలిసిన మనిషిగా కూర్చున్నాడు. రోగం గురించి డాక్టర్‌కు తెలుసు. ఆ రోగంతో ఆ మంచం మీద, ఆ లైట్ల కింద, ఆ జనం మధ్య పడుకోవడం ఎలా ఉంటుందో మరీజ్‌కే తెలుసు. రెండూ ఇల్మే.

మన హయా గురించి అనుకుంటే ఇంకో రెండు మాటలు చెప్పాలి. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరానికి సోమాలియా నుంచి శరణార్థులుగా చాలామంది ముస్లింలు వచ్చారు. అక్కడి పెద్ద దవాఖానాలో ఈ ఆడవాళ్లు పరీక్షలకు రావడం మానేస్తున్నారని గమనించారు. "వీళ్లకు చదువు లేదు, ఆరోగ్యం మీద ధ్యాస లేదు" అని వదిలేసి ఉండొచ్చు. అలా వదలకుండా కారణం తెలుసుకున్నారు. వెనక తెరుచుకునే ఆ పొట్టి గౌను వేసుకుని వరండాలో కూర్చోవడం వాళ్లవల్ల కాలేదు. అంతే. దవాఖానా ఒంటిని నిండుగా కప్పే బట్టలు కుట్టించింది. ఇంగ్లండ్‌లో రాయల్ ప్రెస్టన్ దవాఖానా 2006లో తల నుంచి పాదాల దాకా కప్పే గౌను తెచ్చింది. ఏ మజహబ్ ఆడవాళ్లయినా అడిగి వేసుకోవచ్చు.

ఆ గౌను మన కోసమే అని నేను అనుకోను. మా వార్డులో పక్క మంచం మీద సూర్యాపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఆమెకు స్పాంజ్ బాత్ చేసేటప్పుడు కూడా భాభీయే దుప్పటి పట్టుకుంది. ఆమె కళ్లనిండా నీళ్లు పెట్టుకుని "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది. ఆమె బురఖా వేసుకోదు, కానీ ఇజ్జత్ ఆమెకూ ఉంది. ఒక పరదా అడిగితే అది ముస్లింల ప్రత్యేక డిమాండ్ కాదు, ఆ హాల్లో పడుకున్న ప్రతి ఆడమనిషి హక్.

ఇప్పుడు వరండాలోకి రండి. దవాఖానాలో మరీజ్ తర్వాత ఎక్కువ ఉండేది మనమే, అంటే తోడువాళ్లం. మెట్ల కింద పడుకునేవాళ్లం, సెక్యూరిటీ అరిస్తే చాప మడిచి పారిపోయేవాళ్లం. దవాఖానా లెక్కలో మనం రద్దీ.

కొన్నేళ్ల కిందట అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు కొందరు బెంగళూరులో నారాయణ హెల్త్ దవాఖానాకు వచ్చారు. వాళ్లు చూసిందీ ఇదే వరండా. కానీ వాళ్లు ఆ తోడువాళ్లతో కూర్చుని మాట్లాడారు. అక్కడున్న ప్రతి ఒక్కరి దగ్గరా సవాళ్లే. ఇంటికెళ్లాక కుట్లు తడవొచ్చా? ఎంత దూరం నడిపించాలి? ఏం పెట్టాలి? ఊపిరి ఇలా వస్తే మంచిదేనా? గంటల తరబడి ఖాళీగా కూర్చుని, నేర్చుకోవాలని ఆరాటపడుతున్న వేలమంది మనుషులు అక్కడ ఉన్నారు. దవాఖానాలో నర్సులు చాలరు. ఇవి రెండూ ఒకే గోడకు రెండు పక్కల ఉన్నాయి. ఆ గోడకు తలుపు పెట్టడమే వాళ్లు చేసిన పని. చేతులు ఎలా కడగాలి, గాయాన్ని ఎలా చూసుకోవాలి, ఏ నిశానీ కనిపిస్తే పరుగెత్తుకు రావాలి అనే వాటిని వార్డులోనే, వీడియోలతో, మరీజ్ ఇంటివాళ్ల చేత చేయించి నేర్పించడం మొదలుపెట్టారు. 2014లో అదే ఒక సంస్థ అయింది. పేరు నూరా హెల్త్. నూర్ అంటే వెలుగని మనకు చెప్పనక్కర్లేదు.

మా డిశ్చార్జ్ రోజు అలాంటి అరగంట మాకు దొరికి ఉంటే ఏమయ్యేది? భాభీ లేచి "అమ్మీ రోజా ఉంటారు, మరి గోలీలు ఎలా?" అని తప్పకుండా అడిగేది. భాభీ అడగకపోయినా, పక్కన కూర్చున్న ఇంకో ఇంటి ఆడబిడ్డ అడిగేది.

ప్రభుత్వ దవాఖానాల్లోనూ ఈ దారి మూసుకుని లేదు. పుట్టిన పసికందులను ఉంచే ఐసీయూలోకి ఒకప్పుడు తల్లిని కూడా రానిచ్చేవాళ్లు కాదు. ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా దవాఖానాలో తల్లిదండ్రులకు నేర్పించి, బిడ్డ సంరక్షణలో వాళ్ల చేతులను కూడా కలుపుకున్నారు. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశమంతటికీ దాని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు ముందే 2016లో సర్కారీ దవాఖానాల్లో కాన్పు సమయంలో గర్భిణి పక్కన ఒక ఆడతోడు ఉండొచ్చని చెప్పింది. కాగితం మీద ఇజాజత్ ఉంది. మీ ఊరి దవాఖానాలో లేబర్ రూమ్ బయట నిలబెట్టిన ఖాలాజాన్‌కు ఆ సంగతి తెలుసా అన్నదే సవాల్.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మన కళ్ల ముందు ఒక మౌకా ఉంది. 1908లో మూసీ వరద అఫ్జల్‌గంజ్ దవాఖానాను ముంచేసింది. ఆ తర్వాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో మూసీ ఒడ్డున గుంబద్‌లతో లేచిన ఉస్మానియా దవాఖానాను మన తాతల నుంచి చూస్తున్నాం. మనలో ఎంతమంది అక్కడ పుట్టారో, ఎంతమంది జనాజాలు అక్కడి నుంచి లేచాయో. 2020 జులై వానలకు ఆ పాత ఇమారత్ వార్డుల్లోకి నీళ్లొచ్చి మరీజ్‌ల మంచాల కింద నిలబడ్డాయి. ఆఖరికి 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకు సంగె బునియాద్ వేశారు. 26 ఎకరాలు, రెండు వేల మంచాలు అని చెప్పారు.

సంతోషమే. అంత పెద్ద ఇమారత్‌కు ఇంజనీర్ల రాయ్ కావాలి, డాక్టర్ల రాయ్ కావాలి. వాళ్ల పక్కన ఇంకో నాలుగు కుర్చీలు వేయమని నా గుజారిష్. డయాలసిస్ కోసం ఏళ్లుగా వారానికి మూడుసార్లు వచ్చే ఒక మరీజ్. మెట్ల కింద నెల పడుకున్న ఒక తల్లి. ఇరవై ఏళ్లుగా స్ట్రెచర్ తోస్తున్న ఒక వార్డ్ బాయ్. దుప్పటిని పరదా చేసే మా ఆయమ్మ లాంటి ఒక ఆయమ్మ.

వాళ్లు ఏం అడుగుతారో నేను ఊహించగలను, అయినా నా ఊహ మీద ఇమారత్ కట్టొద్దు, వాళ్లనే అడగండి. తోడువాళ్లు పడుకునే చోటు ఎక్కడ? ఆడవాళ్లకు రాత్రిపూట భయం లేకుండా వెళ్లగలిగే బాత్రూమ్ ఎంత దూరం? ఎక్స్‌రే గది నుంచి వార్డుకు స్ట్రెచర్ తోసుకెళ్లే దారిలో వాన పడుతుందా? బోర్డులు ఏ జుబాన్‌లో? తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. బోర్డు మీద ఉర్దూ ఉంటే అమ్మీ చదువుకుంటుంది, బొమ్మ ఉంటే ఏ జుబానూ చదవలేని వాళ్లూ దారి కనుక్కుంటారు. మౌత్ అయితే మయ్యత్ కోసం ఇంటివాళ్లు ఎక్కడ కూర్చోవాలి, ఎవరిని అడగాలి? సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయొచ్చని 2021 నవంబర్‌లో కేంద్రం చెప్పింది. ఆ మాట మార్చురీ బయట నిలబడ్డ తండ్రికి చెప్పే మనిషి ఉంటాడా?

కొత్త ఇమారత్‌లో వీటిని ముందే గీస్తే ఖర్చు పెన్సిల్ గీతంత. కట్టాక గోడ పగలగొట్టాలంటే కోట్లు.

నా దోస్త్ ఒకడు డాక్టర్. ఇదంతా విని నవ్వాడు. "ఓపీలో ఒక పూటకు వందమందిని చూస్తా. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. మష్వరాకు టైమ్ ఏదిరా?" అన్నాడు. అతని మజ్బూరీ నిజం. డాక్టర్లు తక్కువ, నర్సులు ఇంకా తక్కువ. కానీ మా అమ్మీ లెక్కే చూడండి. డిశ్చార్జ్ రోజు పది నిమిషాలు మిగిల్చారు. దానికి బదులు రంజాన్‌లో ఒక అంబులెన్స్, ఒక ఎమర్జెన్సీ మంచం, రెండు రాత్రుల ఐసీయూ, ముగ్గురు డాక్టర్ల సమయం పెట్టారు. అడగని సవాల్‌కు కూడా బిల్లు వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది.

"మరీజ్‌లను అడిగితే ఫైవ్ స్టార్ హోటల్ అడుగుతారు" అని ఇంకో మాట ఉంది. మా వార్డులో ఎవరూ ఏసీ అడగలేదు. పరదా అడిగారు, ఒక స్టూల్ అడిగారు, "మా ఆయనను ఎప్పుడు తీసుకెళ్తారో ఎవరైనా చెప్పండి" అని అడిగారు. పేదవాళ్లకు ఖర్చు అంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు.

అయితే మష్వరా పేరుతో తమాషా కూడా జరగొచ్చు. ఒక ఫోటో, ఒక శాలువా, ముందే రాసిపెట్టిన తీర్మానం కింద నాలుగు వేలిముద్రలు. అలాంటిది వద్దు. పిలిస్తే ముందే పిలవాలి. ఇళ్లల్లో పని చేసుకునే ఆమెను పిలిస్తే ఆ రోజు కూలీ ఇవ్వాలి, లేకపోతే పింఛన్ ఉన్నవాళ్లే వస్తారు. ఆడవాళ్లను విడిగా, ఆడవాళ్లే అడగాలి. మీరు చెప్పిన పది మాటల్లో ఏ మూడు చేశాం, ఏ ఏడు చేయలేదు, ఎందుకు చేయలేదు అని తిరిగొచ్చి జవాబ్ చెప్పాలి. ఆ జవాబ్ ఇచ్చే జిమ్మేదారీ ఉంటేనే దాన్ని మష్వరా అనగలం.

ఇక మన గల్తీల సంగతి. ఒక మరీజ్‌కు పన్నెండుమంది తోడు వెళ్లి ఐసీయూ తలుపు దగ్గర నిలబడేది మనమే. ఆలస్యమైతే డ్యూటీలో ఉన్న పిల్ల డాక్టర్ మీద చెయ్యి లేపేదీ మనలో కొందరే. హకీమ్ సాబ్ ఇచ్చిన పొడి సంగతి డాక్టర్ దగ్గర దాచేది మనమే. డాక్టర్ మూడు నిమిషాలు ఆగి "ఏమైనా అడగాలా?" అంటే, "ఆప్ హీ దేఖ్‌లో డాక్టర్ సాబ్" అని బరువంతా ఆయన నెత్తిన పెట్టేసి లేచి వచ్చేదీ మనమే.

నా గల్తీ ఒకటి చెబుతాను. ఆ రోజు ఎమర్జెన్సీలో "నొప్పి ఎప్పటినుంచి అమ్మా?" అని అమ్మీని అడిగితే "ఈ పొద్దునే సార్" అని నేను జవాబిచ్చాను. అమ్మీ మాట్లాడలేదు. తర్వాత వార్డులో, నేను లేనప్పుడు, భాభీతో చెప్పిందట, నాలుగు రోజులుగా ఎడమ చెయ్యి లాగుతోందని. కొడుకు ముందు ఒంటి బాధ చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. దవాఖానా అమ్మీని అడగలేదని నేను ఇంతసేపూ వాదించాను. అడిగిన ఒక్కసారి జవాబును లాక్కున్నవాణ్ని నేనే. మష్వరా దవాఖానాలో మొదలవ్వాలంటే ముందు మన ఇంట్లో మగాళ్లం నోరు మూసుకోవడం నేర్చుకోవాలి.

పోయిన నెల అమ్మీని చెకప్‌కు తీసుకెళ్లాను. వచ్చే రంజాన్‌కు చాలా ముందుగానే రోజా సంగతి ఆమే అడిగింది, తెలుగులో, నేను పక్కన మౌనంగా కూర్చుని ఉండగా. డాక్టర్ కలం ఆపి తలెత్తి చూశాడు. ఏ గోలీ ఎందుకో చెప్పి, ఏ నెలలో మళ్లీ రావాలో రాశాడు, ఈసారి రోజా వద్దనే అవకాశమే ఎక్కువ అని ఖుల్లంఖుల్లా చెప్పాడు. అమ్మీ బాధపడింది, కానీ ఒప్పుకుంది. ఆరు నిమిషాలు పట్టింది.

కిందికి దిగి ఎమర్జెన్సీ వైపు వెళ్లాను. రాడ్ అలాగే ఉంది, పరదా ఇంకా రాలేదు. ఆయమ్మ డ్యూటీలోనే ఉంది. అమ్మీ సంచిలోంచి సేవయ్యా డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. ఆ సంచిలో ఫైలు, మందులు, వాటి కింద మడతపెట్టిన ఒక చాదర్ ఉన్నాయి. ఇప్పుడు అమ్మీ ఎప్పుడు దవాఖానాకు వెళ్లినా ఆ చాదర్ తీసుకెళ్తుంది.

మన అమ్మీలు తమ పరదా తాము మోసుకెళ్లే రోజులు పోవాలంటే, ఎవరో వచ్చి అడిగేదాకా కూర్చోవద్దు. మీ ఊరి ఏరియా దవాఖానాకు సూపరింటెండెంట్ ఉంటారు, అభివృద్ధి కమిటీ ఉంటుంది. ఒక జుమా తర్వాత నలుగురు కలిసి, పక్క బస్తీ నుంచి ఇంకో నలుగురిని కలుపుకుని, వాళ్లలో సగం మంది ఆడవాళ్లు ఉండేలా చూసుకుని, వెళ్లి సలాం చెప్పి నమస్కారం పెట్టి "మేం మరీజ్‌ల ఇంటివాళ్లం, మీతో కూర్చుని మాట్లాడాలి" అనండి. దరఖాస్తు అవసరం లేదు, నినాదాలు వద్దు. వెళ్లేటప్పుడు ఆయమ్మను మాత్రం మర్చిపోవద్దు. పరదా ఎక్కడ కట్టాలో ఆమెకు తెలుసు.

ఖుదా హాఫిజ్.